కొత్త కమోడ్‌ను పాత పైపుకు కలిపినం, పైన ఫ్లష్ కొడితే కింద గుడగుడ అంటున్నది

పానగల్లు కొడుకు | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. మాది నల్లగొండ పక్కన పానగల్లు. అమ్మ పుట్టింది మర్రిగూడ దిక్కు. చిన్నప్పటి సంది ఆ బోరు నీళ్లే తాగి పెరిగింది. ఇప్పుడు నడుము వంగదు, మోకాళ్లు మడత పడయి. ఫ్లోరైడ్ పట్టిన బొక్కలు ఎట్లుంటయో మన దిక్కోళ్లకు నేను చెప్పే పని లేదు. ఇన్నేండ్లు పెరట్ల ఉన్న కింద కూర్చునే లెట్రిన్‌కే పోయింది. లేపాలంటే ఒకరు ముందట, ఒకరు ఎనుక పట్టాలె. అందుకని ఆమె పండుకునే అర్రల ఒక మూలకు గోడ కట్టించి కమోడ్ పెట్టించిన.

ఇల్లు 2009ల కట్టినం. పైన తమ్మునోళ్లు ఉంటరు. వాళ్ల లెట్రిన్ పైపు ఎనుక గోడ బయటికెళ్లి దిగి, చాంబర్‌ల పడి, ఆడికెళ్లి సెప్టిక్ ట్యాంకుకు పోతది. ప్లంబర్ అమ్మ కమోడ్‌ను గా పైపుకే కలిపిండు. ఆరు రోజులైంది. పైన ఎవరన్న ఫ్లష్ కొట్టంగనే కింద కమోడ్‌ల గుడగుడమని నీళ్లు పొంగుతయి. ఒక్కోసారి చుక్కలు పైకి ఎగురుతయి. పొద్దుగాల లేచి చూస్తే అండ్ల నీళ్లు సగమే ఉంటున్నయి, అర్రంత వాసన. నిన్న అమ్మ కూర్చున్నప్పుడే మరదలు పైన ఫ్లష్ కొట్టింది. ఆ నీళ్లు తగిలి అమ్మ బెదిరిపోయింది. మళ్ల పెరట్లకే పోతా అంటున్నది.

ప్లంబర్‌ను అడిగితే "కొత్తల అట్లనే ఉంటది, సదురుకుంటది" అన్నడు. నిజంగ సదురుకుంటదా?

పాలమూరు ప్లంబరు | ఆదివారం రాత్రి 9:40

సదురుకోదు తమ్మి. ఇరవై ఏండ్ల సంది ఇదే పని చేస్తున్న, ఒక్క ఇంట్ల గూడ దానంతట అది సదురుకున్నది చూడలే.

జెర నాకు కొన్ని సంగతులు చెప్పు. కమోడ్ ఎస్ ట్రాపా, పీ ట్రాపా? అంటే పైపు కిందికి నేలల దిగిందా, ఎనుక గోడలకెళ్లి బయటికి పోయిందా? పెద్ద పైపుకు కలిపిన కాడ టీ (తిన్నగ అడ్డంగ కలిసే అతుకు) ఏసిండా, వై (ఏటవాలుగ కలిసే అతుకు) ఏసిండా? ఆ అతుకు నేల నుంచి ఎంత ఎత్తున ఉన్నది? అన్నిటికంటె ముఖ్యం, పైన తమ్ముని లెట్రిన్ దాటినంక ఆ పైపు స్లాబు మీదికి పోయిందా? పోతే దాని మూతికి కౌల్, అంటే గాలి ఆడే టోపీ మూత, ఉన్నదా? టేపు పట్టి కొలిచి రాయి, అందాజగ రాయొద్దు.

వనపర్తి వాసి | ఆదివారం రాత్రి 10:05

మా ఇంట్ల గూడ ఇట్లనే టీ ఏసి కలిపినం అన్నా. నాలుగేండ్లయింది, ఏ బాధ లేదు. మీ ట్యాంకు నిండిందేమో చూడుండ్రి. నిండితే గూడ గుడగుడ అంటది.

పాలమూరు ప్లంబరు | ఆదివారం రాత్రి 10:11

వనపర్తి తమ్మి, మీ ఇంటికి పై అంతస్తు ఉన్నదా? లేకుంటే పైకెళ్లి పడే నీళ్లే లేవు, బాధ ఎక్కడికెళ్లి వస్తది? ట్యాంకు మాట మాత్రం మంచిగ చెప్పినవ్. చాంబర్ మూత లేపి చూస్తే తెలుస్తది. పైన ఫ్లష్ కొట్టిపిచ్చి చూడాలె. నీళ్లు నిలవకుంట జారిపోతే ట్యాంకు తప్పు గాదు.

జడ్చర్ల ఇంజనీరు | సోమవారం ఉదయం 6:30

నేను ప్రజారోగ్య విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. లోపల ఏం జరుగుతున్నదో చెప్తాను, అప్పుడు కొలతలు ఎందుకు అడుగుతున్నారో అర్థమవుతుంది.

కమోడ్ మెడ వంపులో నిలిచే నీళ్లే మన ఇంటికీ సెప్టిక్ ట్యాంకుకూ మధ్య ఉన్న తలుపు. ఆ నీటి లోతు 50 మిల్లీమీటర్లు, అంటే రెండు అంగుళాలు. వేరే ఏ మూతా లేదు. పైనుంచి ఫ్లష్ నీళ్లు నిలువు పైపులో పడేటప్పుడు ముందున్న గాలిని నెట్టుకుంటూ, వెనక గాలిని గుంజుకుంటూ దిగుతాయి. పైపు మూతి ఆకాశానికి తెరిచి ఉంటే ఆ గాలి పైనుంచి వస్తుంది. మూసుకుపోతే ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి, అంటే మీ అమ్మగారి కమోడ్ నీళ్లలోంచి లాగుతుంది. పొద్దున సగం నీళ్లే మిగలడం దాని గుర్తు.

ఇక చుక్కలు పైకి ఎగరడం వేరే కథ. నిలువు పైపు అడుగున వంపు దగ్గర నీళ్లు ఒక్కసారి మలిగి, వేగం తగ్గి, అక్కడ గాలి ఒత్తుకుంటుంది. ఆ వంపుకు దగ్గరగా ఎవరి కమోడ్ కలిస్తే గాలి అందులోకి తన్నుకొస్తుంది. మీ ఇంట్లో రెండూ ఉన్నట్టున్నాయి.

పానగల్లు కొడుకు | సోమవారం సాయంత్రం 6:48

బడి నుంచి వచ్చి అన్నీ కొలిచిన. కమోడ్ ఎస్ ట్రాప్. నేలల దిగి, పునాదిలకెళ్లి బయటికొచ్చి, పెద్ద పైపుకు నేల మీద మూడు అంగుళాల ఎత్తున కలిసింది. తిన్నటి టీనే, వై గాదు. పెద్ద పైపు వంపు నేల కింద ఆరు అంగుళాలకు ఉన్నది. చాంబర్ మూత లేపి చూసిన, నీళ్లు నిలుస్తలేవు, ఫ్లష్ కొడితే ఊకెనే జారిపోయినయి. పైపులన్నీ 110 మిల్లీమీటర్లవే.

స్లాబు మీద చూద్దామంటే మొన్నటేడు నీళ్ల ట్యాంకు కోసం దిమ్మె కట్టిచ్చినం. పైపు మూతి ఆ దిమ్మె ఎనుక ఉన్నది, చీకటి పడ్డది, కనబడలే. రేపు పొద్దుగాల ఎక్కుత.

దేవరకొండ సుతారి | సోమవారం రాత్రి 8:20

మూడు పైన, ఆరు కింద. వంపుకు తొమ్మిది అంగుళాల మీద కలిపిండు. అదే దెబ్బ. అంత కిందికి కలిపితే పైకెళ్లి పడ్డ నీళ్లు నేరుగ టీ మూతికి తగులుతయి. వంపు కాడికెళ్లి కనీసం ఒకటిన్నర అడుగు ఇడిసి పెట్టాలె.

తమ్మి, పైపు వాటం గూడ చూడు. కమోడ్ నుంచి పెద్ద పైపు దాక మీటరుకు 25 మిల్లీమీటర్లు దిగాలె, అంటే నలభైకి ఒకటి. మేము సన్న గొట్టంల నీళ్లు పోసి లెవెల్ పట్టి చూస్తం. రస మట్టంతోని అంత పొడుగు పైపుకు సరిగ రాదు.

వనపర్తి వాసి | సోమవారం రాత్రి 8:34

స్లాబు మీద పైపు మూతి కాడ ఊదుబత్తి ముట్టించి పెట్టుండ్రి, పొగ లోపలికి పోతుందా బయటికి వస్తుందా తెలుస్తది. చాంబర్ కాడ గూడ పెట్టి చూడొచ్చు.

పాలమూరు ప్లంబరు | సోమవారం రాత్రి 8:37

వద్దు! ఎవరూ అట్ల చేయొద్దు. ట్యాంకుల పుట్టేటి గ్యాసుకు నిప్పు అంటుకుంటది. అగ్గిపుల్ల, బీడీ, ఊదుబత్తి ఏదీ చాంబర్ కాడికి గానీ పైపు మూతి కాడికి గానీ తీసుకపోవద్దు. పలసటి పాలిథిన్ కవర్ ముక్క స్లాబు మీది పైపు మూతి మీద ఒదులుగ పరిచి, తమ్ముని లెట్రిన్‌ల ఫ్లష్ కొట్టిపిచ్చు. కవర్ లోపలికి గుంజుకపోతే దారి సాఫు ఉన్నట్టు. కదలకుంటే మూసుకపోయినట్టు.

ఇంకో మాట. చాంబర్ మూత లేపినంక తల లోపల పెట్టి చూడొద్దు. ట్యాంకుల మనిషి దిగనే దిగొద్దు. దిగిన మనిషిని పట్టుకొచ్చేందుకు ఇంకో మనిషి దిగి, ఇద్దరూ లేవకపోయిన ఇండ్లు నేను చూసిన. మనుషులతోని పాకీ పని చేయించొద్దనే 2013 చట్టం ప్రకారం రక్షణ సామాను లేకుంట మనిషిని దింపి కడిగిపించుడు నేరం గూడ. మిషన్ బండిని పిలువుండ్రి.

మిర్యాలగూడ అక్క | సోమవారం రాత్రి 9:15

తమ్ముడూ, పైపుల సంగతి వాళ్లు చెప్తున్నరు, నేను అమ్మ సంగతి చెప్తా. మా అత్తమ్మకు తుంటి విరిగినప్పుడు కమోడ్ పెట్టించినం. మామూలు కమోడ్ ఎత్తు ఆమెకు తక్కువైంది, లేవలేక గోడలు గీరేది. తర్వాత కింద రెండు అంగుళాల దిమ్మె కట్టి మళ్లీ కూర్చోబెట్టినం. కూర్చున్నప్పుడు పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి, మోకాలు తుంటికంటె పైకి లేవొద్దు. కొనే ముందు అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి కొలువు. గోడకు స్టీలు పట్టీ కూడా పెట్టు, ప్లాస్టిక్‌ది వద్దు. మనిషి బరువంతా దాని మీదే పడతది.

ఇంకొకటి. మళ్లీ కూర్చోబెట్టేటప్పుడు వైట్ సిమెంటుతో పాతిపెట్టనివ్వకు. మరలు బిగించి, అంచుకు మాత్రం సన్నగా పూత పూయమను. మాది పాతిపెట్టింది తీయబోతే అడుగు పలిగిపోయింది.

పానగల్లు కొడుకు | మంగళవారం ఉదయం 7:05

స్లాబు ఎక్కిన. మీరందరు చెప్పిందే నిజం. దిమ్మె కట్టేటప్పుడు కాంక్రీటు పైపుల పడకుంట సెంట్రింగోళ్లు ఖాళీ సిమెంటు బస్తా చుట్ట చుట్టి మూతిల కుక్కిండ్రు. పని అయినంక తీయడం మరిచిండ్రు. దాని మీద సిమెంటు పాలు కారి గట్టిపడి మూతలెక్క అయింది. పలుగు మొన పెట్టి మెల్లగ లేపిన, ముక్క లోపల పడకుంట బస్తాకు తాడు కట్టి గుంజిన. చెయ్యంత పొడుగు బస్తా వచ్చింది. ఏడాది సంది మా ఇంటి పైపుకు ఊపిరి లేదు. పై లెట్రిన్‌ల గూడ అప్పుడప్పుడు వాసన వస్తున్నదని మరదలు అంటే ఫినాయిల్ పోయమన్న. ఆమె మాట వినకపోయిన.

తర్వాత కవర్ ఏసి చూసిన. తమ్ముని లెట్రిన్‌ల ఫ్లష్ కొట్టంగనే కవర్ గిన్నెలెక్క లోపలికి వంగింది.

కమోడ్ నీళ్ల అంచుకు పెన్సిల్‌తో గీత గీసిన. పైన మూడుసార్లు ఫ్లష్ కొట్టినంక నీళ్లు గీతకు అర అంగుళం కిందికే దిగినయి. గుడగుడ తగ్గింది గానీ పోలే. చుక్కలు ఇంకా ఎగురుతున్నయి.

జడ్చర్ల ఇంజనీరు | మంగళవారం ఉదయం 7:50

గుంజుడు తగ్గింది, నెట్టుడు మిగిలింది. కిందికి కలిపిన అతుకు ఉన్నంతకాలం అది పోదు.

నా సలహా అడిగితే, కింది అంతస్తు కమోడ్‌ను నిలువు పైపుకు కలపకుండా వేరే లైనుగా నేరుగా చాంబర్‌కు తీసుకుపోవడమే ఉత్తమం. నేను డిజైన్ చూసిన భవనాలన్నిట్లో కింది అంతస్తును వేరుగానే వేయించాను. పై పైపు ఎప్పుడైనా మూసుకుపోతే మురికి మొదట పొంగేది కింది కమోడ్‌లోనే, వేరు లైను ఉంటే ఆ భయం తక్కువ. పైపు ఐఎస్ 13592 (భారత ప్రమాణం నంబరు) 'బి' రకం తీసుకోండి. 'ఎ' రకం వాన నీళ్లకు, గాలి పైపుకు. రెండూ చూడటానికి ఒకటే, గోడ మందం వేరు. పైపు మీద అచ్చు ఉంటుంది, చదివి తీసుకోండి.

పానగల్లు కొడుకు | మంగళవారం మధ్యాహ్నం 1:20

సార్, అది నేను గూడ అనుకున్న. పెరట్ల షాబాద్ బండ ఒకటి లేపి పలుగేసి చూసిన. ఎనిమిది అంగుళాలు మొరం, దాని కింద ఒకటే రాయి. పలుగు ఏస్తే నిప్పురవ్వలు లేస్తున్నయి. కమోడ్ కాడికెళ్లి చాంబర్ దాక 18 అడుగులు.

దేవరకొండ సుతారి | మంగళవారం సాయంత్రం 5:30

18 అడుగులకు నలభైకి ఒకటి వాటమంటే ఐదున్నర అంగుళాల దింపు. ఆ మీద పైపు మందం నాలుగున్నర. ఎనిమిది అంగుళాల మొరంల పట్టదు. కంప్రెసర్ పెట్టి రాయి కొట్టాలె. పాత ఇంటి పునాది పక్కన అంత కొట్టుడు నాకు నచ్చదు, గోడలు బీట ఇస్తయి.

తమ్మి, మీ ఇల్లు నేల కంటె ఎంత ఎత్తున ఉన్నది?

పానగల్లు కొడుకు | మంగళవారం సాయంత్రం 5:52

పెరటి నుంచి గడప దాక రెండు అడుగులు అన్నా. పెద్ద పైపు కమోడ్ గోడకు ఆరు అడుగుల దూరం.

దేవరకొండ సుతారి | మంగళవారం సాయంత్రం 6:10

ఇగ నీ దారి దొరికింది. నేల తవ్వొద్దు. పీ ట్రాప్ కమోడ్ తీసుకో. దాని మూతి అర్ర నేల మీద ఏడు అంగుళాల ఎత్తున ఎనుక గోడలకెళ్లి బయటికి వస్తది. అక్క చెప్పిన రెండు అంగుళాల దిమ్మె కడితే తొమ్మిది. గడప రెండు అడుగులు, అంటే 24. మొత్తం పెరటి నేలకు 33 అంగుళాల మీద పైపు బయటికొస్తది. గోడ మందం, ఆరు అడుగులు కలిపితే రెండు అంగుళాల వాటం చాలు. పెద్ద పైపును 31 అంగుళాల కాడ కలుస్తది. వంపు కాడికెళ్లి లెక్కపెడితే మూడు అడుగుల పైన. అమ్మకు ఎత్తు, పైపుకు వాటం, రెండూ ఒకటే దిమ్మెతోని వస్తున్నయి.

పాలమూరు ప్లంబరు | మంగళవారం సాయంత్రం 6:40

సుతారన్న లెక్క కరెక్టు. ఇంజనీరు సార్ చెప్పినట్టు వేరు లైనే మేలు, కాదనను. రాయి ఉన్న కాడ మాత్రం ఇదే చేయాలె. సార్ చెప్పిన భయానికి అతుకు కాడ డోర్ వై పెట్టు. ఎప్పుడన్న మూసుకపోతే డోర్ ఇప్పి తీయొచ్చు. డోర్ మనిషి చెయ్యి పట్టే దిక్కుకు రావాలె, గోడ దిక్కు తిప్పితే పెట్టీ లాభం లేదు.

ఇప్పుడు పని ఎట్ల చేయాలె అంటే, ఏం కోయకముందే పెద్ద పైపుకు కోసే కాడికి పైన ఒకటి, కింద ఒకటి క్లాంపు గట్టిగ బిగించాలె. లేకుంటే కోయంగనే పై అంతస్తు పైపు బరువంత కిందికి జారుతది, పైన అతుకులు ఇడుస్తయి. పైన లెట్రిన్, బాత్రూం తలుపులకు తాళం ఏసి తాళం చెవి నీ జేబుల పెట్టుకో. మాటతోని చెప్తే పిల్లలు మరిచిపోతరు, పైపు ముందట ఉన్నోని మీద పడతది.

కోత వంకర పోకుంట పైపుకు కాయితం పట్టీ చుట్టి, రెండు కొసలు కలిసినంక దాని అంచు వెంబడి గీసి రంపం పట్టాలె. కోసినంక అంచుకు ఆకురాయి పెట్టి వాలు తీయాలె. తీయకుంటే రబ్బర్ రింగు లోపల మడత పడి అక్కడే కారుతది. నడుమ ముక్క తీసి వై పెట్టేటప్పుడు పై పైపు లేవదు కాబట్టి జారేటి కప్లర్ కావాలె. షాపుల రిపేర్ కప్లర్ అని అడుగు. మొదలు దాన్ని పైపు మీదికి పూర్తిగ ఎక్కించి, వై కూర్చున్నంక కిందికి జరపాలె. రింగుకు సబ్బు నీళ్లు చాలు, నూనె పూయొద్దు. పైపును సాకెట్‌ల అడుగు దాక కొట్టి, మళ్ల ఒక 10 మిల్లీమీటర్లు ఎనుకకు గుంజాలె. మన ఎండకు పైపు సాగుతది, సందు లేకుంటే వంగుతది.

పాత టీ మూతి మాత్రం మరువొద్దు. ఎస్ ట్రాప్ తీసినంక ఆ మూతిని సిమెంటుతోని పూస్తే ఏడాదికి బీట ఇచ్చి వాసన మొదలైతది. మర ఉన్న క్యాప్ అతికించు. రేపటికి అదే కడిగే మూతి అయితది.

మిర్యాలగూడ అక్క | మంగళవారం రాత్రి 8:05

మా వెనకింటి వాళ్ల పాత పైపు సిమెంటు రేకు రంగులో ఉంటది, పీవీసీ కాదు. వాళ్లు కూడా ఇట్లనే కోసి కలపాలనుకుంటున్నరు.

జడ్చర్ల ఇంజనీరు | మంగళవారం రాత్రి 8:30

అది ఆస్‌బెస్టాస్ పైపు అయి ఉంటుంది. దాన్ని పొడిగా రంపంతో కోయనివ్వకండి అమ్మా. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగితే మళ్లీ బయటికి రాదు. తడుపుతూ, అతుకు దగ్గర విప్పి, ముక్కలు చేయకుండా మొత్తం పైపు తీసేసి పీవీసీ వేయించమనండి. పిల్లల్ని ఆ రోజు ఇంట్లో ఉంచొద్దు.

నాగర్‌కర్నూల్ కొత్తిల్లు | మంగళవారం రాత్రి 9:10

నడుమల వస్తున్నందుకు ఏమనుకోకుండ్రి. మాది 12,000 రూపాయల స్వచ్ఛ భారత్ లెట్రిన్, రెండు గుంతలది. మా నాయినకు గూడ కాళ్లు పట్టేసినయి. కింద కూర్చునే పాన్ తీసేసి అదే పైపుకు కమోడ్ పెట్టొచ్చా?

పాలమూరు ప్లంబరు | మంగళవారం రాత్రి 9:32

ముందు పైపు చూడు అన్నా. రెండు గుంతల లెట్రిన్లకు చాలా కాడ మూడు అంగుళాల పైపే ఏసిండ్రు. నాలుగు అంగుళాల కమోడ్ మూతిని మూడు అంగుళాల పైపుల దూర్చితే పక్కా జామ్. పైపు మార్చాల్సిందే. ఆ పాన్ బాగా వాలుగ ఉంటది, వంపుల నీళ్లు 20 మిల్లీమీటర్లే, అందుకే చెంబెడు, రెండు చెంబుల నీళ్లకే పోతది. కమోడ్‌కు ఒక్కసారికి ఆరు లీటర్ల దాక కావాలె. గుంత తొందరగ నిండుతది, మీ నేల నీళ్లు పీల్చేదైతేనే నడుస్తది. ఆ గుంతలకు గాలి పైపు అక్కర లేదు, గ్యాసు మట్టిల ఇంకుతది. నాయిన ఒక్కడే వాడేటట్టయితే పాన్ మీద పెట్టే స్టీలు కుర్చీ దొరుకుతది, అండ్ల నడుమ రంధ్రం ఉంటది. ముందుగాల అది పెట్టి చూడు, ఖర్చు తక్కువ.

పానగల్లు కొడుకు | శనివారం రాత్రి 8:55

ఈ రోజు పని అయింది. కొత్త ప్లంబర్‌కు ఈ చర్చంత ఫోన్‌ల చదివి వినిపించిన. ఎస్ ట్రాప్ కమోడ్ తీస్తుంటే అక్క చెప్పినట్టే అడుగు పలిగింది, వైట్ సిమెంటు అంత గట్టిగ పట్టింది. కొత్త పీ ట్రాప్ తెచ్చినం. దిమ్మె గురువారమే కట్టిచ్చి రెండు రోజులు తడిపినం. క్లాంపులు, తాళం చెవి, కాయితం పట్టీ, అన్నీ చెప్పిన తీరుగనే. వై కూర్చున్నది నేలకు 31 అంగుళాల కాడ, సుతారన్న లెక్క అంగుళం తప్పలే. స్లాబు మీద మూతికి కౌల్ పెట్టిన, దిమ్మె కంటె పైకి ఉండేటట్టు రెండు అడుగుల ముక్క అతికించినం.

పొద్దూకినంక కమోడ్‌ల మళ్ల పెన్సిల్ గీత గీసిన. పైన తమ్ముడు వరుసగ మూడుసార్లు ఫ్లష్ కొట్టిండు. నీళ్లు సన్నగ ఊగినయి, గీత మీదనే నిలిచినయి. అమ్మ తలుపు కాడ పట్టీ పట్టుకొని నిలబడి చూసింది. "ఇంకొక్కసారి కొట్టుమను" అన్నది. కొట్టిపిచ్చిన. అప్పుడు లోపలికి పోయి తలుపేసుకున్నది. ఎవరినీ పిలవలే.

పాలమూరు ప్లంబరు | శనివారం రాత్రి 9:20

మంచిగైంది తమ్మి. కౌల్ లోపల దోమల జాలి బిగించినవా? లేకుంటే ట్యాంకుల పుట్టిన దోమలన్నీ ఆడికెళ్లే బయటికొస్తయి.

పానగల్లు కొడుకు | శనివారం రాత్రి 9:26

లేదన్నా. రేపు పొద్దుగాల్నే ఎక్కి కడత.